మహాదేవి పెట్టని సంతకం

పత్తికొండ బస్టాండు నుంచి ఆదోని రోడ్డు పట్టుకుని పోతే, ఎరువుల అంగడికీ టైర్ల అంగడికీ నడుమ ఇరుక్కుని ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. బోర్డు మీద 'శ్రీ హనుమేష్ మోటర్ వైండింగ్ వర్క్స్' అని ఉంటుంది. ఆ హనుమేష్ గారు బోర్ల నుంచి కాలిన మోటర్లను పైకి లాగిస్తారు, ఆటోలో వేసుకొచ్చి దింపుతారు, బాగైన తర్వాత మళ్లీ బోర్లోకి దించి వస్తారు. ఈ నడుమ దొరికిన తీరికలో ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర రాష్ట్ర పరిపాలనను చక్కదిద్దుతారు. వైండింగ్ చేసేది మాత్రం ఆయన భార్య మహాదేవి. బోర్డు రాసేవాడు వచ్చి పేరేమని అడిగిన రోజున ఆమె లోపల తీగ చుట్లు లెక్కపెట్టుకుంటోంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. అందువల్ల హనుమేష్ జవాబు చెప్పాడు.

సీమ పగల గురించి బయటి జిల్లాల వాళ్లకు తెలిసినంతగా సీమవాళ్లకు తెలియదు. నాలుగు బండ్లు, నాటుబాంబులు, తొడగొట్టడానికి అనువైన ఒక తొడ, ఇంత సరంజామా లేనిదే పగ ముందుకు కదలదని వాళ్ల నమ్మకం. మహాదేవి పగకు పట్టిన సరంజామా అంతా కలిపి ఒక పాత ల్యాప్‌టాప్. అందులోనూ రెండు మీటలు పనిచెయ్యవు. రక్తం చిందలేదు, పోలీసులు రాలేదు, ఎవరి గడ్డివామూ తగలబడలేదు. అయినా పత్తికొండ చుట్టుపక్కల ఇటీవలి కాలంలో ఇంత ఓపికగా, ఇంత చట్టబద్ధంగా సాగిన పగ మరొకటి లేదని తెలిసినవాళ్లు అంటారు. తెలిసినవాళ్లు నలుగురే ఉన్నారు కాబట్టి ఈ అభిప్రాయానికి ఎదురులేదు.

మహాదేవిది ఆస్పరి దగ్గర ఒక మెట్ట పల్లె. కర్నూలులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. ఉద్యోగం వచ్చేలోపల పెళ్లి వచ్చింది. మొగుడి షెడ్డులో కాలిన మోటర్లు కుప్పలుగా పడి ఉంటే, వాటిని చూస్తూ ఊరకే కూర్చోలేక ఒకదాన్ని విప్పింది. అప్పటినుంచి ఇరవై ఏళ్లుగా విప్పుతూనే ఉంది. ఏ మోటరు ఎందుకు కాలిందో తీగ వాసన చూసి చెప్పగలదు. నూటికి డెబ్బై మోటర్లు కాలే కారణం ఒకటే. బోర్లో నీళ్లుండవు, మోటరు తిరుగుతూనే ఉంటుంది. నీళ్లు లేకుండా తిరగడాన్నే డ్రై రన్ అంటారు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని చేన్లకు రైతు ఇంటినుంచే ఫోన్‌తో మోటరు ఆన్ చేసే స్టార్టర్లు వచ్చిన తర్వాత ఈ చావులు ఇంకా పెరిగాయి. ఇంట్లో మంచం మీద ఉన్నవాడికి బోర్లో ఏం జరుగుతోందో ఏం తెలుస్తుంది?

ఇదే ఊరివాడు వీరభద్ర. భూములున్న కుటుంబం. హైదరాబాదులో ఇంజనీరు. అతను ఈ ఫోన్ స్టార్టర్ల కోసం 'బోరు కాపరి' అనే ప్రోగ్రాము రాసి, దేశంలో కోడ్ రాసేవాళ్లంతా కోడ్ పెట్టుకునే సైట్లో ఉచితంగా పెట్టాడు. ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు: మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, ఆ మార్పునూ అందరికీ బయటపెట్టాలి. మంచి పనే. ఆ మాట మహాదేవి కూడా కాదనదు. పగ పట్టినవాళ్లకు ఎదుటివాడి మంచిపని గుర్తుండడం అరుదైన గుణం. ఆమెకు అన్నీ గుర్తుంటాయి, అదే ఆమెతో ఇబ్బంది.

ఆ ప్రోగ్రాములో డ్రై రన్ భాగం వట్టిది. మోటరు తీసుకునే ఆంపియర్లు తగ్గగానే ఆపేసేది. పత్తికొండ బోర్లకు అది పనికిరాదు. ఈడ బోరు మనిషిలాగా దమ్ము తీసుకుంటుంది. పది సెకన్లు నీళ్లు రావు, మళ్లీ ఎగదన్నుకుని వస్తాయి. దమ్ము తీసుకున్నప్పుడల్లా ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆ మొదలుపెట్టడానికే మోటరు కాలుతుంది. ఆపకుంటే ఎండి కాలుతుంది. మహాదేవి ఒక ఎండాకాలమంతా అరవై ఒక్క బోర్ల దగ్గర పైపు మీద అరచెయ్యి పెట్టి, ఇంకో చేతిలో ఫోన్ గడియారం పట్టుకుని, ఏ బోరు ఎంతసేపు దమ్ము తీసుకుంటుందో రాసుకుంది. ఫోన్లో పాఠాలు చూసి కోడ్ రాయడం నేర్చుకుంది. ఏ బోరు దమ్ము ఎంతో మూడు రోజుల్లో దానంతట అదే పసిగట్టి, అంతసేపు మాత్రమే ఓపిక పట్టే భాగాన్ని రాసి పంపింది. మూడువందల ఎనభై ఏడు వరసలు. వీరభద్ర వాటిని తీసుకున్నాడు, 'సూపర్ అక్కా' అని రెండు చప్పట్ల బొమ్మలు పంపాడు, రాసినవాళ్ల జాబితాలో ఆమె పేరు చేర్చాడు. ఆ ఏడు బోరు కాపరి పెట్టుకున్నవాళ్ల మోటర్లు షెడ్డుకు రావడం తగ్గింది.

"నీ అంగడికి నువ్వే తాళం ఏస్తాండావు గదే!" అన్నాడు హనుమేష్.

"కరెంటోళ్లు ఉండారు, ఏం బాధల్యా. వాళ్లు కాలుస్తారు లే," అంది మహాదేవి.

తర్వాత రెండేళ్లకు కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రైతు యంత్రాల ప్రదర్శన పెట్టారు. వీరభద్ర బోరు కాపరి గురించి మాట్లాడతాడని తెలిసి, మహాదేవి షెడ్డు మూసి, తెల్లవారుజామున బయల్దేరి, రెండు బస్సులు మారి పోయింది. మూడో వరసలో కూర్చుంది. పక్కన యేసుప్రసాద్ కూర్చున్నాడు. కమలాపురం పిల్లవాడు, కడపలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాడు, ప్రోగ్రాములో ఫోన్ భాగం రాసింది అతనే. అంతదాకా ఇద్దరూ మెసేజుల్లోనే మాట్లాడుకున్నారు. వేదిక మీద వీరభద్ర తెర మీద బొమ్మలు చూపిస్తూ చాలా చక్కగా మాట్లాడాడు. సభలోంచి ఒక రైతు లేచి అడిగాడు.

"సార్, ఆ బోరు దమ్ము కనిపెట్టేది ఎవరు రాసినారు సార్? శానా తెలిసినోళ్లు రాసినట్లుండాది."

"అదా? మా ఊర్లో ఒక మెకానిక్ ఉన్నాడు, ఆయన కొన్ని సలహాలిచ్చినాడు. మిగతాది మా టీమ్ చేసుకున్నాం," అన్నాడు వీరభద్ర.

మహాదేవి ఒక్క ముక్కతో రెండు విధాల మాయమైంది. ఆడమనిషి మగవాడైంది, కోడ్ సలహా అయింది. పక్కనున్న యేసుప్రసాద్ ఆమె వైపు వంగి, "ఎవరక్కా ఆ మెకానిక్?" అని నవ్వాడు. తిరుగు బస్సులో ఫోన్ తీసి చూసుకుంది. రాసినవాళ్ల జాబితాలో ఆమె పేరు లేదు. ఎనిమిది రోజుల కింద 'జాబితా శుభ్రం చేయడమైనది' అని వీరభద్ర తీసేశాడు. ఆమె జడ విప్పి శపథం చెయ్యలేదు. కిటికీ గాలికి సగం జడ అప్పటికే విడిపోయి ఉంది. ఇంటికి పోయాక హనుమేష్, "ఎట్ల జరిగిందే?" అన్నాడు. "బాగా జరిగింది," అంది. అంతే. పగకు అదే ప్రారంభోత్సవం.

పగకు మొదటి నియమం తొందరపడకపోవడం. ఆమె వీరభద్రకు ఫోన్ చెయ్యలేదు, తిట్టలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. కోడ్ రాయడం మాత్రం ఆపేసింది. ఆ సైటుకు ఒక గుణముంది. జాబితాలో పేరు చెరిపినా, ఏ వరస ఏ రోజు ఎవరు రాశారో అది మరిచిపోదు. ఎప్పటికైనా ఆ వరసలతో వాడికి పని పడుతుందని మహాదేవి నమ్మింది. దేవుడి మీద ఆమెకు అంత నమ్మకం లేదు.

పద్నాలుగు నెలలకు పని పడింది. బెంగళూరు కంపెనీ ఒకటి బోరు కాపరిని కొంటానంది. తమ స్టార్టర్ డబ్బాలో పెట్టి, సీలు వేసి, ఊళ్లో ఇంకెవరూ విప్పి చూడకుండా అమ్ముకోవాలని దాని ఆలోచన. ఉచితంగా బయటపెట్టిన కోడ్‌ను అలా మూసెయ్యడానికి వీరభద్ర ఒక్కడి మాట చాలదు. ఎవరు రాసిన వరసల మీద వాళ్లకు కాపీరైట్ ఉంటుంది. ఉమ్మడి బావిలో నీళ్లు పాలివాళ్లు ఎవరైనా తోడుకోవచ్చు గాని, బావిని అమ్మాలంటే అందరూ సంతకం పెట్టాలి కదా, అట్లాంటిదే. మొదట్లోనే ప్రతి ఒక్కరితో కాగితం రాయించుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఆ రోజుల్లో వీరభద్ర ఆదర్శాల్లో ఉన్నాడు, కాగితాలు గుర్తురాలేదు.

కాబట్టి ముప్పై ఒక్కమందికీ మెయిల్ వచ్చింది. ప్రియమైన సహకర్తకు. ఈ లింకు నొక్కి, ఒప్పందం చదివి, కింద టిక్కు పెట్టండి. ఒక్క నిమిషం పని. ముప్పైమంది ఆ ఒక్క నిమిషాన్ని ఇచ్చేశారు. యేసుప్రసాద్ అందరికంటే ముందు ఇచ్చాడు. మహాదేవి తొమ్మిదిసార్లు చదివింది. నిఘంటువు పక్కన పెట్టుకుని, కొత్త మోటరు డ్రాయింగు చదివినట్లు చదివింది. ఇదివరకు రాసిన వరసలూ, ఇకముందు ఈ ప్రోగ్రాముకు రాయబోయేవీ, వాటి మీద సమస్త హక్కులూ, ఎన్నటికీ వెనక్కి తీసుకోకుండా, కంపెనీ ఇష్టం వచ్చిన విధంగా వాడుకొనుటకు ధారాదత్తం. పేరు పెట్టాలా వద్దా అన్నది కూడా కంపెనీ ఇష్టమే.

ఆమె టిక్కు పెట్టలేదు. కాదనీ అనలేదు. వారానికొక గుర్తుచేసే మెయిల్ వచ్చింది. మొదటిది వినయంగా, ఆరోది ఆదుర్దాగా ఉంది. తొమ్మిదోది వీరభద్ర సొంతంగా వాట్సాప్‌లో రాశాడు: 'అక్కా, చూసినావా?' చూసినట్లు నీలి గీతలు పడ్డాయి. జవాబు పోలేదు.

ఇక్కడే వీరభద్ర ఇంగ్లీషు చదువు పక్కకు జరిగి, ఇంటి చదువు బయటకు వచ్చింది. ఆడమనిషి సంతకం అడ్డుపడితే ఏం చెయ్యాలో వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా తెలుసు. చీర పెట్టి, పసుపూ కుంకుమా ఇచ్చి, పెద్దమనిషిని పంపడం. అప్పజెల్లెళ్ల భాగం అంతా అట్లాగే అన్నదమ్ముల పేరు మీదికి వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున పుల్లయ్య షెడ్డుకు వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఊళ్లో పంచాయితీలు చెప్పేవాడు. చేతిలో చీర కవరు, రెండు టెంకాయలు, చంకలో స్టాంపు కాగితం.

"ఏమమ్మా మహాదేవీ, బాగుండావా?"

"బాగుండా మామా. మోటరు కాలిందా?"

"మోటరు కాదులేమ్మా. చిన్న సంతకం. మన వీరభద్ర దేశానికి పేరు తెస్తాండాడు. నువ్వు అడ్డం పడుకుంటే బాగుంటాదా?"

"నేను యాడ పడుకున్న్యా మామా? పొద్దున ఐదుకు లేచినా."

పుల్లయ్య నవ్వి కాగితం చాపాడు. కంపెనీ ఒప్పందాన్ని రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఓబుళేశు చేత తెలుగులో రాయించారు. ఓబుళేశు ముప్పై ఏళ్లుగా భూములు తప్ప ఇంకేమీ రాయలేదు. పాపం, తనకు తెలిసిన విధంగానే రాశాడు. 'పత్తికొండ వాస్తవ్యులు హనుమేష్ భార్య మహాదేవి, తాను స్వయముగా రాసి, నేటివరకు తన స్వాధీన అనుభవములో నున్న కోడ్. దీనికి చెక్కుబందీ: తూర్పున యేసుప్రసాద్ గారి ఫోన్ కోడ్, పడమర వీరభద్ర గారి కోడ్, ఉత్తరమున స్టార్టరు వైరు, దక్షిణమున ఖాళీ స్థలము. ఈ నాలుగు హద్దుల మధ్య గల 212 మొదలు 598 వరకు, మొత్తము 387 వరసలు, చెట్టూ చేమా నిధి నిక్షేపములతో సహా.' కింద వీరభద్ర అప్పటికే సంతకం పెట్టి ఉన్నాడు.

మహాదేవి రెండుసార్లు చదివింది. చదవడం అయ్యాక ఆమె ముఖంలోకి చాలా రోజులుగా రాని వెలుగు వచ్చింది.

"ఈ హద్దులు ఎందుకు మామా?"

"హద్దుల్లేకుంటే దస్తావేజు చెల్లదంట గదమ్మా. ఓబుళేశు చెప్పినాడు."

"శానా బాగా రాసినాడు. ఉండు మామా, ఒక ఫోటో తీసుకుంటా." తీసుకుంది. రెండు పక్కలా తీసుకుంది. వీరభద్ర సంతకాన్ని దగ్గరగా మూడోసారి తీసుకుంది. "ఇంగ తీసకపో మామా. చీర గూడా."

"చీర యాలమ్మా వద్దంటావు? ధర్మవరం చీర."

"పద్దెనిమిదేండ్ల కింద మా అన్నలు ఒకటి పెట్టి సంతకం అడిగిరి. చదవకుండా పెడితి. మూడెకరాల చీర మామా అది. మొదటి ఉతుకుకే రంగు పాయ."

పుల్లయ్య ఆనాటి పంచాయితీలో కూడా ఉన్నాడు. టెంకాయలు కూడా మరిచిపోకుండా తీసుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రమే మహాదేవి ఆ ఫోటోను బోరు కాపరి పేజీలో, అందరూ చూసే చర్చల చోట పెట్టింది. కింద ఒక్క మాట రాసింది: 'ఇది నిజమే. ఈ 387 వరసలు నేనే రాసినాను. జాబితాలో నా పేరు ఎందుకు లేదు?' వీరభద్ర టీమ్ సొంతంగా చేసుకున్నదని చెప్పిన భాగం ఆమె స్వయంగా రాసిందేనని, వీరభద్ర సంతకంతోనే స్టాంపు కాగితం మీద వచ్చింది. బెంగళూరు కంపెనీ లాయరు ఆ పేజీని చూశాడు. చెక్కుబందీ కంపెనీవాళ్లకు అర్థం కాకపోయినా సంతకం అర్థమైంది. ఈ వివాదం ఆమె చేతే మూయించి, ఆమె సంతకం తెస్తేనే బేరం అని కబురు పెట్టారు.

మరుసటి వారం యేసుప్రసాద్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఈ బేరం కుదిరితే వాళ్లు నాకు బెంగళూరులో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇక్కడ కాలేజీలో ఏడాదికేడాది కాంట్రాక్టు. నీకూ ఆయనకూ ఏముందో నాకొద్దు. నా బతుకు మధ్యలో పెట్టొద్దక్కా."

మహాదేవికి ఈ లెక్క ముందు తోచలేదు. పగను వీరభద్ర కొలతకు కుట్టింది. నడుమ ఇంకొకడు దూరాడు. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. మూడో రోజు ల్యాప్‌టాప్ తెరిచి ఒప్పందం పేజీ తీసింది. టిక్కు పెట్టే డబ్బా మీదికి బాణం గుర్తును తెచ్చి, అక్కడే ఆపి, యేసుప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ పొద్దు కడపలో 'ఎవరక్కా ఆ మెకానిక్' అంటివి. నేనేనని తెలిసి అంటివా, తెలీక అంటివా?"



"తెలుసక్కా. తమాషాకు అన్నా. అప్పుడు లేచి చెప్పింటే బాగుండేది."

"బాగుండేది," అంది మహాదేవి. ల్యాప్‌టాప్ మూసింది. యేసుప్రసాద్ ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. ఇది రాసే రోజుదాకా మాట్లాడలేదు. అతని వైపు న్యాయం లేదని ఆమె కూడా అనదు.

ఇక మిగిలింది వీరభద్రే. కారు టైర్ల అంగడి ముందు ఆపి, షెడ్డులోకి వచ్చాడు. మహాదేవి కింద కూర్చుని, ఏడున్నర హెచ్.పి. మోటరుకు తీగ చుడుతోంది. పన్నెండు కాయిళ్లు, ఒక్కోదానికి ముప్పై ఆరు చుట్లు. వైండింగ్ అంగళ్లలో ఒక కట్టుబాటుంది. చుట్టేవాళ్లు లెక్కలో ఉన్నప్పుడు దేవుడు వచ్చినా గడప దగ్గర నిలబడాలి. ఒక్క చుట్టు తప్పితే మోటరు మళ్లీ కాలుతుంది. అందుకని లెక్క తప్పిందంటే ఆ కాయిల్ అంతా విప్పి మొదటి నుంచి చుట్టాలి.

"నమస్తే అక్కా."

"పంతొమ్మిది, ఇరవై..." ఆమె చెయ్యి ఆగింది. "తప్పినాది." తీగ అంతా విప్పింది. "ఒకటి, రెండు..."

వీరభద్ర స్టూలు మీద కూర్చున్నాడు. మూడు నిమిషాలు ఓర్చుకున్నాడు. "అక్కా, ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోతా."

"ముప్పై ఒకటి, ముప్పై... తప్పినాది." విప్పింది. "ఒకటి."

"సారీ అక్కా."

"తప్పినాది."

హనుమేష్ టీ బంకు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, అతిథికి కట్టుబాటు వివరించాడు. "లెక్కలో ఉండాది అప్పా, మాట్లాడగాకు. నేను పెండ్లాడి ఇరవై ఏండ్లాయ, నేనే మాట్లాడ." వీరభద్రకు ఫోన్ మోగింది. ఆ మోతకు ఇంకొక కాయిల్ పోయింది. ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. రేకుల షెడ్డు, శివరాత్రి రాకముందే ఎండ దంచుతోంది. అతని తెల్ల చొక్కా వీపుకు అంటుకుంది. రైతులు ఇద్దరు వచ్చి, చూసి, అలవాటైన మౌనంతో గోడవార కూర్చున్నారు. వాళ్లలో ఒకడు వీరభద్ర పొలంలో కౌలుదారు. హైదరాబాదులో ఎనభైమందిని నడిపే మనిషి, తన కౌలుదారు ముందర, స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో కూర్చున్నట్లు కూర్చున్నాడు. మూడు గంటలు. మహాదేవి ఆ రోజు లెక్క నిజంగా ఎన్నిసార్లు తప్పిందో ఆమెకే తెలియాలి. ఇరవై ఏళ్లలో ఆమె లెక్క తప్పడం హనుమేష్ అంతకుముందు చూడలేదు.

పన్నెండో కాయిల్ ముప్పై ఆరో చుట్టు దగ్గర ఆమె తీగ తెంపి, చేతులు తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పప్పా."

"అక్కా, నీకేం కావాలో చెప్పు. కంపెనీతో మాట్లాడి ఇప్పిస్తా."

"నాకేం వద్దు. నువ్వు ఈడికి రావల్లనుకుంటి. వస్తివి."

"అంటే సంతకం పెడతావా?"

"పెట్టను."

వీరభద్ర లేచాడు. ఇంతసేపూ మింగిందంతా పైకి వచ్చింది. "అయితే నీ భాగం తీసి పారేసి, కంపెనీ వాళ్లే కొత్తగా రాసుకుంటారు. మూడువందల వరసలు. పెద్ద విద్యేం కాదు."

"మూడువందల ఎనభై ఏడు. రాసుకోండప్పా, ఎవరొద్దన్నారు?"

రాసుకున్నారు. నలుగురు ఇంజనీర్లు ఆరు వారాలు రాశారు. పరీక్షకు పత్తికొండలోనే, వీరభద్ర వాళ్ల టమేటా తోట బోరు ఎంచుకున్నారు. కంపెనీవాళ్లు గొడుగు వేసుకుని చూస్తుండగా బోరు దమ్ము తీసుకుంది. కొత్త కోడ్ మోటరును ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది. గంటలో పద్నాలుగుసార్లు ఆపి, పద్నాలుగుసార్లు మొదలుపెట్టింది. పదిహేనోసారి పొగ వాసన వచ్చింది. ఆ మోటరును ఆదోని దాకా తీసుకుపోయి బాగుచేయించారు. దారిలోనే ఉన్న షెడ్డుకు తేలేదు. మాట పడితే పడ్డాం, మోటరు ఆమె చేతిలో పడకూడదన్నది ఆ ఇంటి పౌరుషం. కంపెనీ నెలాఖరు దాకా గడువు పెట్టింది. అప్పటికి మహాదేవి సంతకం రాకపోతే బేరం రద్దు.

గడువుకు పన్నెండు రోజులుండగా వీరభద్ర ఆమె పేరును జాబితాలో మళ్లీ చేర్చడానికి సిద్ధమయ్యాడు. లాయరు చెప్పినట్లు, ఆ మార్పును ఆమెకే పంపి, సరేనని నొక్కమన్నాడు. మొదటిసారి 'ప్రత్యేక కృతజ్ఞతలు: మహాదేవి గారు, విలువైన సలహాలకు' అని పంపాడు. ఆమె తిప్పి పంపింది: 'సలహా ఏ వరసలో ఉండాది? చూపించు.' రెండోసారి 'స్థానిక మెకానిక్' అన్నాడు. 'నువ్వు యాడి స్థానికం?' అని తిరిగొచ్చింది. ఒకసారి మహిళాశక్తి అని రాసి, పక్కన గులాబీ బొమ్మ పెట్టాడు. పువ్వు తీసెయ్యమంది. పువ్వు తీశాక శక్తి కూడా తీసెయ్యమంది. ఇదంతా ముప్పైమందీ, కంపెనీవాళ్లూ, ఇంకా పనిలేని వాళ్లెవరైనా చూసే పేజీలోనే జరిగింది. పేరు ఎందుకు పోయిందో కూడా రాయమంటే, 'పొరపాటున తొలగించబడినది' అని రాశాడు.

'ఎవరి పొరపాటు?'

 మరుసటి రోజు పదోసారి మార్పు వచ్చింది. 'మహాదేవి, పత్తికొండ. డ్రై రన్ భాగం, 212 నుంచి 598 దాకా వరసలు రాసినది. ఈ పేరును జాబితా నుంచి వీరభద్ర తీసేశాడు. కడప సభలో ఈ భాగం తమ టీమ్ చేసిందని చెప్పింది కూడా అతనే. అది అబద్ధం.'

మహాదేవి దాన్ని హనుమేష్‌కు చదివి వినిపించింది. "ఇంగ చాలు లేవే. మనిషి నీరుగారిపాయ," అన్నాడు ఆయన. ఆమె సరేనని నొక్కింది. మార్చి ముప్పై, సాయంత్రం ఐదున్నర. పేరు జాబితాలో రెండో చోట కూర్చుంది. దాన్ని చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. ఏడుస్తుందేమోనని హనుమేష్ భయపడ్డాడు గాని, ఆమె టీ తెమ్మంది.

ఊళ్లో ఇప్పుడు దీన్ని రైతుల కోసం చేసిన పోరాటంగా చెప్పుకుంటారు. కోడ్ మూతపడలేదు కాబట్టి ఏ ఊరి మెకానిక్ అయినా స్టార్టర్ డబ్బా విప్పి బాగుచేసుకోగలుగుతున్నాడు. ఆ మాట నిజమే. టీ బంకు దగ్గర హనుమేష్ ఈ ఘట్టాన్ని స్వాతంత్ర్య సమరం పక్కన పెట్టి చెబుతాడు. మహాదేవి కాదనదు. ప్రజల మేలు కోసం చేశావా అని ఆమెనే అడిగితే మాత్రం, "ప్రజలు ఆ పొద్దు మూడో వరసలో లేరు కదా," అంటుంది.

ఆ సాయంత్రం టీ తాగుతుండగానే వీరభద్ర మెసేజ్ వచ్చింది.

'అక్కా, నువ్వు చెప్పినట్లే అంతా చేసినా. రేపు ఆఖరు రోజు. లింకు మళ్లీ పంపినా. ఇంక సంతకం పెడతావు కదా?'

మహాదేవి గ్లాసు కింద పెట్టి, ఫోన్ తీసుకుని, ఏళ్ల తర్వాత అతనికి మొదటిసారి నేరుగా జవాబు రాసింది.

'చదువుతాండా.'

ఆ గడువు దాటి ఇప్పటికి పదకొండు నెలలు. ఆమె ఇంకా చదువుతూనే ఉంది.